ఆకుపచ్చ పేజీలో నేను రాసిన అంకెలు

మలేసియాలో బాగన్ దాతుక్ వైపు నేను పనిచేసే ఆరోగ్య కేంద్రంలో రెండు కట్టడాలున్నాయి. ముందున్నది కాంక్రీటుది. అందులో డాక్టరు గది, రక్తపరీక్షల గది, మందులిచ్చే కిటికీ, చివర్న నా ఫిజియోథెరపీ గది. వెనక, కొబ్బరిచెట్ల నీడలో, గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. అందులో మలయ్ పద్ధతిలో నూనె పెట్టి ఒళ్ళు పట్టే పెద్దాయన కూర్చుంటాడు. ఆ వైద్యాన్ని ఇక్కడ ఉరుత్ అంటారు. రెండింటి మధ్య ఇరవై ఆరు అడుగుల సిమెంటు దారి.

రోగి ఎవరైనా కార్డు ఒకటే. మడత విప్పితే ఎడమవైపు తెల్ల పేజీ డాక్టరుకీ నాకూ, కుడివైపు ఆకుపచ్చ పేజీ చెక్క ఇంటికి. ఉరుత్‌కి పంపడానికి నాలుగు నియమాలున్నాయి. డాక్టరు ఒప్పుకోవాలి. ఎముక విరిగినవాళ్ళని పంపకూడదు. ప్రతిసారీ ఉరుత్‌కి ముందూ తర్వాతా కీలు ఎంత కదులుతోందో ఫిజియోథెరపిస్టు కొలిచి రాయాలి. ఆరుసార్లయ్యాక డాక్టరు రెండు పేజీలూ చూసి ఏది కొనసాగించాలో చెప్పాలి. ఈ నియమాలు టైపు చేసింది నేనే. మూడో నియమం నా ఆలోచన కూడా.

దానికి ఒక చిన్న సవరణ చేయాల్సి వచ్చింది. నూనె పెట్టాక ఒంట్లోకి గాలి దూరకూడదని పెద్దాయన పట్టింపు. ఉరుత్ అయిన మనిషి ఆ భాగం మీద తువ్వాలు కప్పుకుని, అల్లం వేసిన వేడినీళ్ళు తాగుతూ గంటసేపు అక్కడే కూర్చోవాలి. ఏసీ గదిలోకి అసలు పోకూడదు. నాది ఏసీ గది. అందుకని తర్వాతి కొలత చెక్క ఇంట్లోనే తీసుకోవాలని అడుగున రాశాను. అలా రాసినప్పుడు మా నాన్న కార్డు ఇక్కడికి వస్తుందని అనుకోలేదు.

నాన్నది పామాయిల్ తోటలో గెలలు కోసే పని. పొడవాటి గడ చివర కొడవలి కట్టి, తల పైకెత్తి, రెండు చేతులూ చాచి, ఒక్క గుంజుతో గెల దింపాలి. నేను పుట్టకముందు నుంచీ ఆ గడ ఆయన చేతిలోనే ఉంది. మొన్న వానాకాలంలో కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి భుజం ఎత్తుకి కూడా లేవడం మానేసింది. తల మీదుగా చెయ్యి ఎత్తగలడని డాక్టరు కాగితమిచ్చే దాకా గడ ముట్టుకోవద్దని తోటవాళ్ళు చెప్పారు. మూడు నెలల్లో కాగితం రాకపోతే ఆ పని శాశ్వతంగా ఇంకొకరికి ఇస్తామన్నారు. అప్పటిదాకా కింద రాలిన పళ్ళు ఏరి సంచిలో వేసే పని ఇచ్చారు. ఇంట్లో ఆయన దీని గురించి ఒక్క మాటా అనలేదు.

డాక్టరు పరీక్ష చేసి, ముందు ఏది మొదలుపెడదామని అడిగింది. నేను యూనిఫారంలో పక్కనే నిలబడి ఉన్నాను. నాన్న నా వైపు చూడలేదు. బాగున్న ఎడమచేత్తో వెనక కిటికీలోంచి చెక్క ఇంటిని చూపించాడు.

ఆయన అటు చూపించడానికి ఏమేం కారణాలుంటాయో ఆ సాయంత్రం కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, అలవాటు. రెండు, కొడుకు చేత చెయ్యి పట్టించుకోవడానికి మొహమాటం. మూడు, నా చదువు మీద నమ్మకం లేకపోవడం. నాలుగోది రాయడానికి చాలాసేపు పట్టింది: పెద్దాయనంటే ఇష్టం.

పెద్దాయన మలయ్‌వాడే, కానీ మా తోటలోనే, తోట కూలీలకి కట్టిన మా తెలుగువాళ్ళ లైను ఇళ్ళ పక్కనే పుట్టి పెరిగాడు. నాన్నతో కలిసి తిరిగి తెలుగు నేర్చుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఆ లెక్కన నేను ఆయనకి అల్లుణ్ణి. నేనేమో ఇక్కడి తెలుగు సంఘంవాళ్ళ ఆదివారం బడిలో తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఇలా రాయగలను. నోరు తెరిస్తే మాత్రం సగం తమిళం, సగం మలయ్ దొర్లుతాయి. నేను రాసే తెలుగు నాన్న చదవలేడు, ఆయన మాట్లాడే తెలుగు నాకు పూర్తిగా రాదు.

మొదటిసారి ఉదయాన్నే నా గదిలో కొలిచాను. కీళ్ళ కోణం కొలిచే రెండు రెక్కల ప్లాస్టిక్ పరికరం ఉంటుంది. ఒక రెక్క ఒంటికి ఆనించి, రెండోది చెయ్యి వెంట తిప్పాలి. ఎనభై డిగ్రీలు వచ్చింది. గంట తర్వాత ఆ పరికరం పట్టుకుని చెక్క ఇంటి మెట్ల దాకా వెళ్ళాను. పలకల సందుల్లోంచి పెద్దాయన గొంతు వినిపించింది.

"ఏటి బావా, ఇనుమైపోనాది ఈ సెయ్యి. నా పెళ్ళినాడు ఈ సేత్తోనే నన్ను బుజానికెత్తినావు. ఇప్పుడు గరిటైనా ఎత్తలేవు."

"అప్పుడు నువ్వు పుల్లలాగుండీవోడివి. ఇప్పుడు నిన్నెత్తాలంటే లారీ గావాల లా."

మాట చివర ఆ 'లా' ఇక్కడి మలయ్ అలవాటు. ఇద్దరూ నవ్వారు. నాన్న అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. నాలుగేళ్ళు చదివి నేను నేర్చుకున్నదంతా నా చేతిలోని ఆ ప్లాస్టిక్ ముక్కే అనిపించింది. మెట్లెక్కలేదు. వెనక్కి వచ్చి, ఆకుపచ్చ పేజీలో 'తర్వాత' అన్న గడిలో ఎనభై అయిదు అని రాశాను. కొలవకుండా అంకె రాయడం నా జీవితంలో అదే మొదలు.

తర్వాత అయిదుసార్లూ అదే చేశాను. ముందు కొలత మాత్రం నిజంగానే తీశాను. నిజంగా అంటే, ఇలా: మిగతా రోగులని "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ పైకి ఎత్తిస్తాను. నాన్న మొహం కాస్త ముడుచుకోగానే ఆపేసి అక్కడికి రాసేవాణ్ణి. పొద్దున్నే చల్లటి గదిలో బిగుసుకున్న భుజం ఎంత లేస్తుందో అంతే. తర్వాతి గడిలో దానికి అయిదు కలిపేవాణ్ణి. ఎవరైనా అడిగితే గాలి పట్టింపు వల్ల తువ్వాలు తీయనివ్వలేదని, అందుకే సరిగ్గా కొలవలేకపోయానని చెప్పొచ్చని సమాధానం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు.

కానీ మెట్ల దాకా ప్రతిసారీ వెళ్ళేవాణ్ణి. వెళ్ళకుండా ఉండలేకపోయాను. నాకు తెలియనివి నాన్న పెద్దాయనకు ఏమేం చెబుతున్నాడో వినాలి. ఆరుసార్లలో విన్నవి ఇవి: నాన్నకి చిన్నప్పుడు ఈత రాదు, పెద్దాయనే నేర్పాడు. మా అమ్మని చూడ్డానికి వెళ్ళిన రోజు అరువు చొక్కా వేసుకున్నాడు. ఈ మధ్య నిద్ర పట్టడం లేదు. ఎందుకు పట్టడం లేదో కూడా విన్నాను. ఆ మాట అన్నప్పుడు నాన్న గొంతు బాగా తగ్గింది.

"నా గడ ఇప్పుడు ఇంకొకడి సేతిలో ఉంది బావా. ఆడు పైన కోస్తాడు, నాను ఆడి కాళ్ళ కాడ రాలినయ్యి ఏరతన్నాను."

పెద్దాయన నూనె గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఈ మాట ఇంట్లో నాతో అని ఉండాల్సింది. అని ఉంటే నేనేం చేసేవాణ్ణో తెలియదు, బహుశా కొలిచేవాణ్ణి.

ఆరోసారి అయ్యాక డాక్టరు కార్డు చూసింది. ఆకుపచ్చ పేజీలో ఆరుసార్లకి ఇరవై డిగ్రీలే, అది చాలదంది. ఉరుత్ ఆపి నాన్నని నా గదికి మార్చింది. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

మొదటి రోజు వేడి కాపడం పెట్టి, ఈసారి "ఇంకొంచెం నానా" అంటూ ఎత్తించాను. నూట ముప్ఫై. నమ్మలేక మళ్ళీ కొలిచాను. నూట ముప్ఫై. కాపడం తప్ప నేనింకా చికిత్స మొదలే పెట్టలేదు. ఆకుపచ్చ పేజీలో చివరి అంకె వంద. ఇప్పుడు తెల్ల పేజీలో ఇది రాస్తే ఆ ముప్ఫై డిగ్రీలూ నావవుతాయి.

నాన్న నా మొహం చూసి, "మంచిదేనేటి?" అని అడిగాడు.

మంచిదే అన్నాను.

"మరి బావ కాడికి ఎల్లొద్దన్నారేటి?"

డాక్టరు చెప్పిందన్నాను. అంకె రాశాను.

ఆ తర్వాత పుస్తకంలో ఉన్నదంతా చేశాను. తాడు, గిలక, గోడ మీద వేళ్ళతో ఎక్కడం, కర్రతో వ్యాయామం, ఇంట్లో చేయాల్సినవి బొమ్మలతో కాగితం. చదివిన పద్ధతుల్లో తప్పేమీ లేదు, ఎంతోమందికి వాటితో నేనే నయం చేశాను. నాన్న మాత్రం నా బల్ల మీద ఒళ్ళంతా బిగించి పడుకునేవాడు. నొప్పి పదికి ఎంత అంటే నాలుగు అనేవాడు, ఇంకేమీ అనేవాడు కాదు. రెండో వారానికి నూట ఇరవై, మూడో వారానికి నూట పది. తోటవాళ్ళ గడువుకి మూడు వారాలే మిగిలాయి. అంకెల్ని ఏ క్రమంలో పేర్చినా ఒకటే తేలింది: ఆయన గడని ఆయన చేతిలోంచి లాగేస్తున్నది నేనే.

ఆ మధ్యాహ్నం కార్డు తీసుకుని చెక్క ఇంటికి వెళ్ళాను. పెద్దాయన చిన్న పొయ్యి మీద నూనె కాస్తున్నాడు. మూడు భాషల్లో తడబడుతూ చెప్పాను. ఆరుసార్లలో ఒక్కసారి కూడా తర్వాతి కొలత తీయలేదని, అన్నీ నేను వేసిన అంకెలేనని.

"తెల్సు అల్లుడా," అన్నాడు నూనె కలుపుతూనే. "మెట్ల కాడ నీ బూట్లు పలకల సందులోంచి అగుపడతాయి. ఆరు దినాలూ సూసినాను. ఒక్క దినమూ ఇప్పలేదు."

మరి ఎందుకు ఊరుకున్నారని అడిగాను. ఇంట్లోకి రానివాణ్ణి ఎలా లాక్కురావాలి అన్నాడు. నేనెళ్ళిపోవలసింది, కానీ అసలు అడగాలనుకున్నది నోట్లోంచి వచ్చేసింది: నాన్న మీతో అన్నీ చెబుతాడు, నాతో చెప్పడేం?

గరిట ఆపి నన్ను చూశాడు. "నువ్వు నొప్పి ఎంత, ఒకట్నించి పది దాకా సెప్పు అంటావు. నాలుగని సెప్పేసినాక ఇంకేటి మాటాడతాడు? నాను ఏటీ అడగను లా." మళ్ళీ నూనె వైపు తిరిగాడు. "ఇది నాకు కాదు, డాక్టరమ్మకి సెప్పు. ఈ దినమే సెప్పు. దినాలు నేవు."

చెప్పాను. డాక్టరు కార్డు నా ముందుకి తోసింది. ఆకుపచ్చ పేజీలో 'తర్వాత' గడుల్లోని ఆరు అంకెలూ నా చేతే కొట్టేయించి, ఒక్కొక్కదాని పక్కన 'కొలవలేదు' అని రాయించి, ఆరుసార్లు సంతకం చేయించింది. నా ఫైల్లో హెచ్చరిక కాగితం పెట్టింది. నాన్నని ఆ సాయంత్రమే చెక్క ఇంటికి తిరిగి పంపింది. నా వ్యాయామాలు ఆపొద్దని, వాటిని కూడా అక్కడే చేయించమని చెప్పింది. కొలతలు కూడా నేనే తీయాలంది, బూట్లు విప్పి లోపలికెళ్ళి.

నాన్నకీ నేనే చెప్పాను. ఆయన విని, "అదా" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

చెక్క ఇంట్లో అల్లం, కొబ్బరినూనె వాసన. తువ్వాలు తీయడానికి వీల్లేదు కాబట్టి పరికరాన్ని తువ్వాలు కిందుగా దూర్చి, భుజం ఎముకని వేళ్ళతో తడుముకుని కొలవాల్సి వచ్చేది. నేను అడుగుపెట్టగానే ఇద్దరూ మాటలు ఆపేవారు. వ్యాయామం చేయించి, కొలిచి, అంకె రాసి మెట్లు దిగేవాణ్ణి. బూట్ల తాళ్ళు కట్టుకునేలోపు లోపల నవ్వు మొదలయ్యేది. తప్పు ఒప్పుకుంటే అసూయ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఇప్పుడు ఆ నవ్వుని దగ్గర్నుంచి వింటున్నాను, అంతే.

గడువుకి రెండు రోజులుందనగా నూట అరవై వచ్చింది. ఉరుత్ వల్ల ఎంత, తాడూ గిలకల వల్ల ఎంత అని విడదీయడానికి నా దగ్గర ఏ పద్ధతీ లేదు. డాక్టరు తనే మరోసారి చూసి కాగితం మీద సంతకం పెట్టింది. దాన్ని నేనే తీసుకెళ్ళి నా గదిలో కూర్చున్న నాన్న చేతికిచ్చాను. ఇంగ్లీషు కాగితం. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గడ అని యాడుంది?" అని అడిగాడు.

ఆ వరుస చూపించి, చదివి, నాకొచ్చిన తెలుగులో అర్థం చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. నేను చూపించిన చోట బొటనవేలు గట్టిగా ఆనించి లేచాడు. ఒక్క క్షణం, ఆయన ఏదో అంటాడని నిలబడ్డాను. ఆయన తలుపు తోసుకుని, ఆ వరుస మీంచి వేలు జారకుండా కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, సిమెంటు దారి మీద చెక్క ఇంటి వైపు నడిచాడు. పెద్దాయనకి ఇంగ్లీషు రాదు. ఎక్కడ చూపించాలో నాన్నకి ఇప్పుడు తెలుసు.