కడగకూడని తొట్టి

కోమలి ఏం చదివిందో, ఏం పని చేస్తుందో బంగారుపాళ్యంలో సరిగ్గా చెప్పగలిగినోళ్లు తక్కువ. "తిరుపతిలో పెద్ద చదువంట, పురుగుల మీద" అని ఒకరంటే, "కాదప్పా, బురద మీద" అని ఇంకొకరు. నిజానికి ఇద్దరూ మరీ తప్పేం చెప్పలేదు. మట్టిలో, మురికినీళ్లలో, కుళ్లిన తొక్కల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఎట్లా కలిసి కాపురం చేస్తాయి, ఎవరు వదిలింది ఎవరు తింటారు, ఎవరు లేకపోతే ఎవరికి పూట గడవదు, అదీ ఆ పిల్ల చదువు. పెండ్లిచూపులకొచ్చినోళ్లకి ఇదంతా వివరించలేక వాళ్లమ్మ అలివేలమ్మ "యూనివర్సిటీలో ఉండాది" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

వాళ్ల నాయన మునిరత్నం పని మాత్రం ఊరంతటికీ తెలుసు. హైవే పక్కన ఆదిమూలం నడిపే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కడిగే పని. మిషన్లు, స్టీలు తొట్లు, గచ్చు, కాలవ, ఏదైనా సరే, వేడినీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది, బ్లీచింగు కొట్టి అద్దంలా పెట్టేవాడు. తనిఖీకి ఎవరన్నా వస్తున్నారంటే ఆదిమూలం ముందు ఆయన్నే పిలిపించేవాడు. చూడండి మరి, పొద్దున లేస్తే సూక్ష్మజీవుల్ని చంపడం నాయన పని, వాటిని సాకడం కూతురి పని. ఒకే ఇంట్లో ఇట్లాంటోళ్లు ఇద్దర్ని పెట్టినాడంటే దేవుడికి ఎంత వేళాకోళమో. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టకపోవడం ఇంకా విచిత్రం.

కోమలి చిన్నప్పుడు కాయల సీజను వస్తే ఫ్యాక్టరీ నీళ్లన్నీ పక్కనున్న వంకలోకే పోయేవి. పులిసిన కంపు. దిగువన రూతక్క ఇంటి బావిలో నీళ్లు నురగ తేలేవి, పాపం ఆమె బిందె పట్టుకుని ఎగువ బోరు దాకా నడిచేది. బడికి పోయే పిల్లలంతా ముక్కు మూసుకుని వంక దాటితే, ఈ పిల్ల మాత్రం గట్టున నిలబడి చూస్తా ఉండేది. ఎగువన నల్లగా ఉండే నీళ్లు ఒక మైలు పోయేసరికి కొంచెం తేటపడేవి. ఎవరు శుభ్రం చేసినారని టీచర్నడిగితే ఎండకి అట్లా అవుతుందని చెప్పి కూర్చోమన్నాడు. ఆ జవాబు కోమలికి ఏ మాత్రం నచ్చలేదు. చిత్తూరులో డిగ్రీ అయినాక, పట్టుబట్టి తిరుపతికి పోయి ఆ ప్రశ్నే పట్టుకుని కూర్చుంది.

ఆమెకి పరిశోధన నేర్పే పంకజాక్షి మేడం ఒకరోజు, "ఇదంతా గాజు సీసాలో చేసి చూపిస్తున్నావు సరే, మీ ఊళ్లో చెయ్యగలవా?" అని అడిగింది. కోమలి ఆదిమూలం కాడికి పోయి, బతిమాలి, ఫ్యాక్టరీ వెనకాల మూత ఉండే సిమెంటు తొట్టి ఒకటి కట్టించుకుంది. దాంట్లో నల్లటి బురద పెంచింది. మామిడి నీళ్లు అందులోకి పోతే కొన్ని జీవులు దాంట్లోని తీపిని పులుపు చేస్తాయి, ఇంకొన్ని ఆ పులుపుని తిని గ్యాసు వదుల్తాయి, నీళ్లు తేటగా బయటికొస్తాయి. ఒక సీజనంతా కొంచెం కొంచెం నీళ్లు వదిలి చూస్తే బాగానే పనిచేసింది. ఆదిమూలం సంబరపడి తొట్టిని పెద్దది చేయించినాడు.

"వచ్చే సీజన్లో మొత్తం నీళ్లూ దీంట్లోకే వదుల్దాం కోమలీ. నిలబడిందా, వంకలోకి పోయే పాత కాలవ మూసేస్తా. నిలబడలేదా, దీన్ని పూడ్చి ఆ జాగాలో లారీలు నిలబెట్టుకుంటా. మళ్లా నన్ను అడగొద్దు" అన్నాడు. కోమలి సరేనంది. వంక బాగుపడాలన్నా, తన చదువుకి ఒక అర్థముండాలన్నా ఇంక ఆ తొట్టే దిక్కు.

కాయల్లేని నెలల్లో కూడా తొట్టికి తిండి పెట్టాల. కోమలి తిరుపతిలో ఉంటుంది కాబట్టి ఆ పని నాయనకి అప్పజెప్పింది. "పొద్దున్నే బకెట్టు బెల్లం నీళ్లు పొయ్యి నాయనా" అని చెప్పిందే గానీ, ఎందుకో చెప్పలేదు. ఆయనా అడగలేదు. కూతురు చెప్పింది, పోస్తా ఉండినాడు.

ఆయుధపూజ వచ్చింది. ఫ్యాక్టరీలో ఆ పండగ మునిరత్నానిదే అనుకోండి. మిషన్లన్నీ కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, అరటిపిలకలు కట్టినారు. బూడిదగుమ్మడికాయ తెచ్చి పెట్టుకున్నారు. తిరిగి చూస్తే వెనకాల కూతురి తొట్టి ఒక్కటే నల్లగా, కంపు కొడతా ఉండాది. ఆయన మనసు ఒప్పలేదు. అందరి సామాన్లూ మెరుస్తా ఉంటే నా బిడ్డ తొట్టి మాత్రం ఇట్లనా అనుకున్నాడు. మోటారు పెట్టి బురదంతా తోడేసినాడు. అడుగు దాకా దిగి రుద్దినాడు. బ్లీచింగు రెండు తడవలు కొట్టి, బయట సున్నం వేసి, బొట్లు పెట్టి, చేమంతి దండ వేసినాడు. ఫోటో తీయించి కూతురికి పంపినాడు. "పాపా, నీ తొట్టికి కూడా పూజ చేసినాము."

ల్యాబులో ఆ ఫోటో చూసిన కోమలి చేతిలో పని అక్కడే వదిలేసింది. ఉన్నపళంగా బస్సెక్కింది. బస్సు దిగేదాకా, లోపల కొంచెమన్నా మిగిలిందేమోనని ఆశ. ఫ్యాక్టరీకి పోయి మూత ఎత్తి చూస్తే తొట్టి అడుగు తెల్లగా కనిపించింది.

"ఎవరు కడగమన్నారు నాయనా?"

"పండగ గదా పాపా. అన్నీ కడిగి దీన్ని వదిలేస్తే ఏం బాగుంటుంది సెప్పు."

"దీన్ని కడగకూడదు. అంతా చచ్చిపోయింది. ఇన్నేండ్ల పని, ఒక్క పూటలో. నీకేం తెలుస్తుంది లే."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. మునిరత్నం చేతిలో ఉండిన పళ్లెం పక్కన పెట్టినాడు. భయంభయంగా అడిగినాడు. "ఏం సచ్చింది పాపా? లోపల ఏముండింది?"

కోమలి దగ్గర జవాబు లేక కాదు. ఎన్నో ఊర్లలో, ఎందరో పెద్ద పెద్దోళ్ల ముందర తెరమీద బొమ్మలేసి చెప్పిన జవాబే. నెలల తరబడి రోజూ ఆ తొట్టికి కూడు పెట్టిన మనిషికి మాత్రం ఒక్కరోజు కూడా చెప్పలేదు. సిగ్గుతో ఆమెకి ఏడుపొచ్చింది.

మర్నాడు వంక దిగువ మలుపులో, ఏండ్ల తరబడి మామిడి నీళ్లు ఇంకిన చోట, బురద తవ్వి డబ్బాలో పెట్టుకుంది. నాయన్ని వెంటబెట్టుకుని తిరుపతికి పోయింది. ఒక చుక్క గాజుబిళ్ల మీద వేసి, మైక్రోస్కోపు సరిచేసి, చూడమంది. ఆయన ఒక కన్ను మూసి వంగినాడు. చానాసేపు లేవలేదు.

"కదల్తా ఉండాయి" అన్నాడు.

"ఇవే నాయనా. తొట్టిలో ఇట్లాంటివే ఉండినాయి. నువ్వు పోసిన బెల్లం నీళ్లు తిన్నది ఇవే."

"నేను కడిగింది వీటినేనా?"

"నేను చెప్పలేదు నాయనా. తప్పు నాది."

మునిరత్నం స్టూలు మీద కూర్చుండిపోయినాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగినాడు. ఇవి ఎంతకాలం బతుకుతాయి, చలికి ఏం చేస్తాయి, తిండి ఎక్కువైతే ఏమవుతుంది. కోమలి అన్నిటికీ చెప్పింది. ఇంత ఓపిగ్గా ఆమె ఏ సభలోనూ చెప్పి ఉండదు.

ల్యాబు ఫ్రీజర్లో కొన్ని రకాలు దాచిపెట్టి ఉండాయి గానీ, అవి విడివిడిగా ఉన్నోళ్లు. కలిసి బతకడం అలవాటైన గుంపు మాత్రం పోయింది. మళ్లీ మొదటినుంచే. వంక బురద, ఆవుపేడ కలిపి తొట్టిలో వేసినారు. "సీజన్‌కి అందుకుంటావా?" అని పంకజాక్షి మేడం అడిగితే, "అందుకోవాల మేడం" అంది కోమలి. చలికాలమంతా తొట్టి ఉలుకూ పలుకూ లేకుండా పడుండింది. మునిరత్నం మూత మీద గోనెసంచులు కప్పి, పొద్దున్నే బెల్లం నీళ్లు పోసి, "తినండ్రా, తినండి" అనేవాడు. జనం నవ్వినారు. నవ్వితే ఏం, ఉగాది దాటినాక ఒకనాడు గ్యాసు వచ్చే గొట్టం కాడ అగ్గిపుల్ల గీస్తే నీలంగా మండింది. ఆ పూట అలివేలమ్మ ఇంట్లో పాయసం చేసింది.

సీజను వచ్చింది. తోతాపురి కాయల ట్రాక్టర్లు, లారీలు హైవే దాకా బారు కట్టినాయి. కొన్నాళ్లు తొట్టి బాగానే తిన్నది. కాయ ఒక్కసారిగా మీద పడేసరికి తట్టుకోలేకపోయింది. కోమలి పరీక్ష చేస్తే పులుపు పెరిగిపోతా ఉండాది, గ్యాసు మంట చిన్నదైపోయింది. పరిగెత్తి ఆదిమూలం కాడికి పోయింది.

"ఒక్క దినం మిషను ఆపండి సార్. లోపలుండే పులుపుని అది తినేసుకుంటే మళ్లా నిలబడుతుంది."

ఆదిమూలం లారీల బారు వైపు చెయ్యి చూపించినాడు. "వాళ్లకి నేనేం సమాధానం చెప్పేది తల్లీ? నువ్వు కష్టపడినావు, కాదనను. అయ్యేది కాదని తేలిపోయింది. మునిరత్నం, పాత కాలవ తిప్పు. నీళ్లు వంకలోకి వదిలెయ్."

మునిరత్నం పాత కాలవ కాడికి పోయినాడు. వాల్వు మీద చెయ్యి వేసినాడు. కోమలి ఇంక చూడలేక మొహం తిప్పుకుంది. ఆ ఫ్యాక్టరీలో పనికి చేరినప్పటినుంచీ ఓనరు మాటకి ఎదురు చెప్పిన మనిషి కాదు ఆయన.

"తిప్పను సార్" అన్నాడు.

ఆదిమూలం సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాడు.

"అది ప్రాణంతో ఉండాది సార్. తిండెక్కువై కడుపు సెడింది, అంతే. తోతాపురి గట్టికాయ, ఒక దినం ఆగుతుంది. ఇది ఆగదు. ఒకసారి దీన్ని నా సేతుల్తోనే సంపినాను. మళ్లా నా వల్ల కాదు."

"ఇవన్నీ నీకెవరు చెప్పినార్రా?"

"మా పాప సెప్పింది సార్."

ఆదిమూలం ఆయన్ని చూసినాడు, కోమలిని చూసినాడు. తిట్టబోయి ఆగినాడు. "రేపు పొద్దున దాకా. అంతకుమించి ఒక్క గంట కూడా ఆగను" అని చెప్పి, లారీలోళ్లకి సర్దిచెప్పడానికి తానే పోయినాడు.

మిషను ఆగింది. నాయనా కూతురూ పులుపు విరగడానికి సున్నపుతేట కొంచెం కొంచెం పోసి తొట్టి పక్కనే కూర్చున్నారు. తెల్లారి కోమలి పరీక్ష చేసి, నమ్మకం చాలక ఇంకోసారి చేసింది. పులుపు దిగింది. గొట్టం కాడ మంట మళ్లా లేచింది.

"బతికింది నాయనా" అంది. "ఈ తడవ కొంచెం కొంచెంగా వదలమని మిషనోళ్లకి చెప్పు."

మునిరత్నం తువ్వాలతో కండ్లు తుడుచుకుని, లారీల్ని పిలవడానికి గేటు కాడికి నడిచినాడు.