కరెంటక్కను రెండు తాళంచెవులు ఏడిపించిన పూట

కరెంటక్క చెవి సంగతి ఆ పేటంతటికీ తెలుసు. బానెట్ మీద చెవి ఆనించిందంటే లోపల ఏ తీగ ఏడుస్తోందో, ఏ ఫ్యూజు నటిస్తోందో చెప్పేస్తుంది. ముప్పయ్యేళ్లుగా కార్ల కరెంటు పనే ఆమెకు తిండీ నిద్రా. ఆమె ఒక్క తిట్టు తిడితే మూడు నెలలుగా మూగబోయిన హారన్ కూతపెట్టిందట. ఆ పూట అక్కడే ఉన్నామని చెప్పేవాళ్లు ఇప్పటికి రెండొందల మంది తేలారు.

అంతటి మనిషిని సొంత తమ్ముడి కారు ముప్పుతిప్పలు పెట్టింది.

తమ్ముడు కారు అద్దెకు తిప్పుతాడు. రోగులను ఇళ్ల నుంచి ఆసుపత్రికి తెచ్చే పని, ఏడాదిపాటు, అతనికి దాదాపు ఖాయమైంది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల బండి తెచ్చి చూపించాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి. బండి తళతళలాడాలని ముందురోజు బానెట్ ఎత్తి, గొట్టం పెట్టి ఇంజనుకి తలంటు పోశాడు మహానుభావుడు. నీళ్లు ఇంజన్ కంప్యూటర్‌లో దూరాయి. కారు కళ్లు తేలేసింది.

అక్క పాత కార్ల సామాను దుకాణాలన్నీ జల్లెడపట్టి, అదే రకం కంప్యూటర్ పట్టుకొచ్చి, పొద్దున పదిన్నరకి తమ్ముడింటి ముందే బిగించింది. ఇంజను అందుకుంది. రెండు క్షణాలు తిరిగి ఠక్కున ఆగిపోయింది. మీటర్ల పక్కన తాళంచెవి బొమ్మ ఎర్రగా కొట్టుకుంటోంది.

"చచ్చిందా అక్కా?"

"చావలేదురా, నిన్ను గుర్తుపట్టలేదు. తాళంచెవి తలలో బియ్యపుగింజంత చిప్పు ఉంటుంది. కంప్యూటర్ దాన్ని చూసి మనవాడే అనుకుంటేనే ఇంజన్ని తిరగనిస్తుంది. ఇది వేరే కారులోంచి వచ్చింది కదా, దీనికి ఆ ఇంటి తాళమే గుర్తు."

"మరెలా?"

"పరిచయం చెయ్యాలి. తాళం తిప్పి పది నిమిషాలు అలాగే ఉంచాలి. ఆ ఎర్ర దీపం ఆరాక కట్టేసి, మళ్లీ పది. అలా మూడుసార్లు."

"నేను పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు కూర్చోలేదు."

"కూర్చునుంటే మా మరదలు తప్పించుకునేది."

"నిజమే వదినా" అంది గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి భార్య.

బ్యాటరీకి ఛార్జర్ తగిలించి, అక్క తాళం తిప్పింది. పది నిమిషాలు గడిచాయి. దీపం ఆరలేదు. ఇరవై అయ్యాయి, అది ఇంకా కన్ను కొడుతూనే ఉంది. గడియారం పదకొండు దాటింది. తమ్ముడి ముఖం తడిసిన అట్టముక్కలా మెత్తబడిపోయింది.

"వదిలెయ్యక్కా. పక్కవీధి అద్దెకారువాడు ఈపాటికి ఆసుపత్రి గేటు దగ్గర బండి తుడుస్తుంటాడు."

అక్క వంగి తాళం చుట్టూ ఉండి చిప్పును చదివే రింగు తీగను పరీక్షించింది. బాగానే ఉంది. అప్పుడు చూసింది, తాళంచెవికి దారంతో బిగించి కట్టిన ఇంకో తాళంచెవిని.

"ఇదెవరు కట్టారు?"

"నేనే వదినా. ఈయన ఒకటి పారేసి, రెండోది ఎక్కడుందని నన్నే అడుగుతారని, రెండూ కలిపేశా."

"రెండు చిప్పులూ ఒక్కసారే మాట్లాడితే అది ఎవరి మాట వింటుందే తల్లీ. మీ ఇద్దరి మధ్యా మా అమ్మ ఇరుక్కున్నట్టే దాని బతుకూనూ." దారం పుటుక్కున తెంపి, రెండో తాళంచెవి మరదలి చేతిలో పెట్టింది. "దీన్ని తీసుకుని వంటింట్లోకి పో. దీని పరిచయం సాయంత్రం."

మళ్లీ మొదలు. ఈసారి పదో నిమిషానికి దీపం ఆరింది. తమ్ముడు సీటు అంచుమీదకు జరిగాడు. రెండో పది. ఆరింది. మూడో పదికి అతను ఊపిరి ఎక్కడ దాచాడో దేవుడికే తెలియాలి. అదీ ఆరింది. అక్క తాళం తిప్పింది. రెండు క్షణాలు, మూడు, పది... ఇంజను తిరుగుతూనే ఉంది. అక్క ఛార్జర్ పీకేసి, వెనక సీట్లోకి దూకి, "పోనీ" అంది.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఆసుపత్రి ఆవరణలో ఆగారు. తనిఖీ చేసే బక్కపలచటి మనిషి టైర్లు తన్ని, సీట్లు నొక్కి, కాగితంలో టిక్కులు పెట్టి, "ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చెయ్యండి" అన్నాడు.

తమ్ముడి చెయ్యి కదల్లేదు. "ఎందుకు సార్, బాగానే నడుస్తోందిగా."

"రోగి మేడ దిగి వచ్చేదాకా ఇలాగే నడిపిస్తారా?"

తమ్ముడు అద్దంలోంచి అక్క వైపు చూశాడు.

"ఆపరా" అంది.

ఆపాడు. తాళం తిప్పాడు. ఎర్ర బొమ్మ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఇంజను గుర్రున అందుకుంది.

"రేపు ఆరింటికి వచ్చెయ్యండి" అంటూ ఆ మనిషి చివరి టిక్కు పెట్టాడు. అప్పుడు వెనక సీట్లోంచి అక్క వదిలిన ఊపిరికి ఆయన చేతిలో కాగితాలు గేటుదాకా ఎగిరిపోయాయని తమ్ముడు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.