బల్లకు ఐదో కాలు

బడిలో ఆయన్ని డ్రాయింగు మాస్టారు అని ఎవరూ అనేవారు కాదు. స్కేలు మాస్టారు అనేవారు. ముప్పయ్యేళ్ళ పాటు చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు లేకుండా గడప దాటలేదు. జాడీ గీస్తే రెండు వైపులా సమానంగా రావాలి. కుర్చీ గీస్తే మనిషి కూర్చున్నా పడిపోదనిపించాలి. తేడా వస్తే పిల్లల్ని కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. రబ్బరు చేతికిచ్చి, "మళ్ళీ వెయ్యి, తొందరేముంది" అనేవాడు. గోడకు మేకు కొట్టాలన్నా ముందు కొలత వేస్తాడని ఆయన భార్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. "నన్నూ కొలిచే చేసుకున్నారు" అని నవ్వేది.

రిటైరైన ఏడాదికి, వీధి చివర గ్రంథాలయంలో కొత్తగా చేరిన లైబ్రేరియన్ ఆయన్ని పిలిపించింది.

"ఆదివారం ఒక గంట పిల్లలకు బొమ్మల పుస్తకాలు చూపించాలి మాస్టారూ. ఎవరో ఒక అట్టపెట్టెడు ఇచ్చి వెళ్ళారు. కొత్తరకం చిత్రకళట. నాకైతే తలా తోకా తెలియడం లేదు."

పెట్టె విప్పి చూస్తే ఆయనకూ తెలియలేదు. ఒక పుస్తకంలో కోటు తొడుక్కున్న మనిషికి తల ఉండాల్సిన చోట మబ్బు ఉంది. ఇంకోదాంట్లో చేప మెట్లెక్కుతోంది. మరోదాంట్లో ముఖం ఒకటే, ముక్కు పక్కకు చూస్తోంది, కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్నాయి.

"గీయడం రానివాళ్ళంతా కూడబలుక్కున్నట్టుంది" అన్నాడు మాస్టారు.

"మీరేం చెప్పక్కర్లేదు, పేజీలు తిప్పండి చాలు" అంది లైబ్రేరియన్.

మొదటి ఆదివారం పదకొండు మంది పిల్లలు వచ్చి చాప మీద కూర్చున్నారు. మబ్బు తల ఉన్న పేజీ తీసి, ఇందులో తప్పేమిటో చెప్పబోయాడు. ఈలోపే ముందు పళ్ళు రెండూ ఊడిన ఒక పాప లేచి, "ఇది మా నాన్న" అంది.

"మీ నాన్నకు తల లేదా?"

"పొద్దున ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చాక ఉండదు. ఏం చెప్పినా ఊఁ అంటాడు, అంతే."

పిల్లలు గొల్లున నవ్వారు. ఎవరింట్లో ఎవరి తల ఎప్పుడు మబ్బు పడుతుందో ఒకరి మీద ఒకరు పడి చెప్పడం మొదలుపెట్టారు. మాస్టారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన పిల్లల బొమ్మ చూసి సరిగ్గా ఉందో లేదో చెప్పాడే కానీ, ఇదేమిటని అడిగిన పాపాన పోలేదు.

ఆ తర్వాత ఆయన పేజీ తిప్పి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాడు. రెండు నెలలు హాయిగా గడిచాయి. ఒక ఆదివారం, కిటికీలోంచి మంచం బయటకు నడిచి వెళ్తున్న బొమ్మ వచ్చింది. "ఇది ఎక్కడికి వెళ్తోంది మాస్టారూ?" అని పళ్ళూడిన పాపే అడిగింది. ఆయన గంట పూర్తి కాకముందే పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆ మంచం చూడగానే ఆయనకు ఒక బల్ల గుర్తొచ్చింది. తన కూతురికి ఏడేళ్ళప్పటి మాట అది. ఇంటికి తోటి మాస్టార్లు వచ్చి ఉన్నారు. పిల్ల తన బొమ్మ తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. వాళ్ళు భోంచేసే బల్ల. దానికి ఐదు కాళ్ళు. ఐదో కాలు మోకాలు వంచి, చెప్పు తొడుక్కుని, గుమ్మం వైపు అడుగేస్తోంది.

"బల్లకు ఎన్ని కాళ్ళమ్మా?" అన్నాడు.

"నాలుగు."

"మరి ఇదేమిటి?"

పిల్ల నోరు తెరిచేలోపే ఒకాయన, "స్కేలు మాస్టారి కూతురికి లెక్కల మాస్టారు కావాలి" అన్నాడు. అందరూ నవ్వారు. తండ్రీ నవ్వాడు. తర్వాత ప్రేమగానే పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టి, స్కేలుతో నాలుగు కాళ్ళ బల్ల వేయించాడు. చక్కగా వచ్చింది. ఆ తర్వాత పిల్ల ఆయన చెప్పిన బొమ్మే వేసేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది. చదువు మీద ధ్యాస కుదిరిందని ఆయన సంతోషించాడు.

"ఆ కాగితం ఎక్కడైనా ఉందా?" అని భార్యను అడిగాడు.

"ఎందుకుంటుంది? వెనక ఖాళీగా ఉందని మీరే దాని మీద పరీక్ష ప్రశ్నలు రాసుకున్నారు."

మర్నాడు మంచం బొమ్మ పుస్తకం సంచిలో పెట్టుకుని కూతురు పనిచేసే చోటికి వెళ్ళాడు. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. బల్ల మీద వరసగా దవడల అచ్చులు, చిన్న దీపం, మైనం ముద్ద. వెంట్రుకవాసి తేడా రాని చెయ్యి అని డాక్టర్లంతా ఆమెకే పంపుతారు.

"ఏంటి నాన్నా, అమ్మకి బాగానే ఉందా?" అంటూ కంగారుగా లేచింది.

ఆయన పుస్తకం తెరిచి చూపించాడు. ఐదో కాలు సంగతి గుర్తుచేశాడు. ఆమె చేతిలో మైనం చల్లారి గట్టిపడింది.

"అది ఎక్కడికి వెళ్తోందమ్మా?"

"ఆస్పత్రికి. అప్పుడు అమ్మకి ఆపరేషన్ అయింది కదా. పిల్లల్ని లోపలికి రానివ్వం అన్నారు. బల్లనైతే రానిస్తారేమో అనుకున్నా."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. "నాదే తప్పమ్మా" అన్నాడు. "ఇప్పుడదంతా ఎందుకులే నాన్నా, టీ తాగుతావా?" అంది.

తండ్రి బతిమాలితే ఒక ఆదివారం గ్రంథాలయానికి వచ్చింది. దినపత్రికల బల్ల దగ్గరే నిలబడింది. పళ్ళూడిన పాప వెళ్ళి కాగితం, రంగు పెన్సిలు చేతిలో పెట్టి, "నువ్వూ వెయ్యక్కా" అంది.

"ఏం వెయ్యాలి?"

"నీ ఇష్టం."

ఆమె చాలాసేపు ఆ తెల్ల కాగితం చూసింది. తర్వాత ఏం వెయ్యాలో చెప్పమన్నట్టు తలెత్తి తండ్రి వైపు చూసింది. పెన్సిలు పాపకిచ్చేసి, "నాకు రాదమ్మా" అని బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆదివారాలు ఆగలేదు. పదకొండు మంది కాస్తా ముప్పయి మంది అయ్యారు. రోడ్డు మీద ఎదురైన తల్లిదండ్రులు, "మీ దగ్గరికొచ్చాకే మా పాపకు ధైర్యం వచ్చింది మాస్టారూ" అంటారు. ఆ మాట పూర్తికాకుండానే ఆయన ఎండ ఎక్కువగా ఉందని ఏదో అని, తల దించుకుని ముందుకు నడుస్తాడు.