అన్నీ పోయేయండి

నాకు కోపం ఎక్కువ. మా కాలేజీలో ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియనివాళ్లకి వారం తిరక్కుండా తెలుస్తుంది. అమలాపురానికీ కొత్తపేటకీ మధ్యనున్న ఈ కాలేజీలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. కోపం వస్తే గొంతు పెంచను, తగ్గిస్తాను. అదే మరీ భయమంటారు పిల్లలు.

కిందటేడు వేసవిలో కాలేజీకి కొత్త నెట్‌వర్క్ స్విచ్చులు కొనాలనుకున్నారు. మూడు కంపెనీలు తలా ఒకటి, వాడి చూసుకోమని పంపాయి. ఏది మంచిదో తేల్చి రిపోర్టు రాసే పని నా నెత్తిన పడింది. మా ప్రిన్సిపాల్ గారు వృక్షశాస్త్రం మనిషి. స్విచ్చు కొనడానికి రిపోర్టెందుకండీ, కరెంటు సామాన్ల కొట్లో దొరుకుతుంది కదా అన్నారు, నిజంగానే. నవ్వాపుకుని ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. మనం పంపే ఫైలు ఒక్క ముద్దగా వెళ్లదు, చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. పెళ్లివారు దొరికిన బస్సెక్కి ఎవరికి వారొచ్చి చివరికి ఒకే పందిట్లో కూర్చున్నట్టు, అవతల మళ్లీ ఒక్కటవుతుంది. ఎవర్ని ఏ బస్సెక్కించాలో చూసే పెద్దమనిషే ఈ స్విచ్చు. ఆయనకి పెళ్లి బాగానే అర్థమైంది, స్విచ్చు మాత్రం 'డబ్బా' దగ్గరే ఆగిపోయింది. వారంలో కాలేజీ మొత్తం డబ్బాలనే అంది. నాకూ అదే అలవాటైంది.

అసలు గొడవ లైబ్రరీది. లైబ్రరీ మా మెయిన్ బిల్డింగుకి అవతల, కొబ్బరితోట దాటాక ఉంటుంది. ఏడాదిగా అక్కడ నెట్ వచ్చినట్టే వచ్చి ఆగిపోతోంది. పరీక్షల ముందు పిల్లలు పాత ప్రశ్నపత్రాల కోసం కూర్చుని కూర్చుని విసిగిపోయి నా దగ్గరికొచ్చేవారు. తప్పు పాత డబ్బాదైనా అయ్యుండాలి, తోటలోంచి వెళ్లే కేబుల్‌దైనా అయ్యుండాలి. ఆ కేబుల్ వేసింది మా ల్యాబ్ టెక్నీషియన్.

ఆయన్ని నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. వాళ్ల నాన్నగారు మలికిపురం వైపు కొబ్బరిచెట్లెక్కి దింపులు తీసేవారట. ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి ఈయనే. అదీ పర్మనెంటు కాదు, ఏటా జూన్‌లో రెన్యువల్ ఆర్డరు రావాలి. పద్నాలుగేళ్లుగా వస్తోంది. కేబుల్ పైనుంచి లాగితే కొబ్బరి కమ్మ పడి తెగుతుందని, పైపులో పెట్టి భూమిలోంచి వేశారు. వంద మీటర్లు దాటితే పనిచెయ్యదని, తోట చుట్టూ తిప్పకుండా చెట్ల మధ్యనుంచి తిన్నగా గాడి తవ్వించారు. పని చేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పడం, చర్చి పాటలేవో కూనిరాగం తియ్యడం ఆయనకి అలవాటు. నాకు అది చిరాకు. పాడుతూ చేసిన పని శ్రద్ధగా ఎలా ఉంటుందని, ఆ కేబుల్ మీద నాకు మొదట్నుంచీ అనుమానం. ఆ మాట ప్రిన్సిపాల్ గారితో ఒకటి రెండుసార్లు అన్నాను కూడా.

ఈలోగా మేనేజ్‌మెంటువాళ్లు ఒక మెలిక పెట్టారు. తప్పు పాత డబ్బాదైతే కొత్తది పెడతారు, అంతే. కేబుల్‌దైతే మాత్రం కాలేజీ మొత్తానికి కొత్త కేబుళ్లు వేసే పని, ఆపైన వాటి బాగోగులు చూసే పని కూడా బయటి ఏజెన్సీకి ఇచ్చేస్తారు. అప్పుడిక టెక్నీషియన్ పోస్టు అక్కర్లేదు. ఈ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

డబ్బాల పరీక్షకి నాకు నాలుగు రోజులు పట్టింది. ల్యాబులో బల్లమీద పెట్టి ఒక్కోదాన్నీ మూడేసి సార్లు చూశాను. ఒకటి బాగానే మోసింది గానీ ఏసీ ఆపితే గంటలో చెయ్యి పెట్టలేనంత కాలిపోయింది. మా కరెంటు సంగతి తెలిసి దాన్నెలా కొంటాం? ఇంకొకటి కరెంటు పోయొచ్చాక మేలుకోడానికి పది నిమిషాలు తీసుకుంది. మూడోది చూడ్డానికి చవకబారుగా ఉంది గానీ రద్దీ పోటు మీద ఉన్నప్పుడు కూడా ఒక్క ప్యాకెట్టూ జారవిడవలేదు. ఏ అంకె తేడాగా కనిపించినా ఆ కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేసి, చెప్పిందే మళ్లీ చెప్పించుకుని, మళ్లీ పరీక్ష పెట్టాను. ఆ విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఐదో రోజు పొద్దున్న ఆ మూడో డబ్బా తగిలించి లైబ్రరీ లైను చూశాం. అన్నయ్యగారు లైబ్రరీలో కూర్చుని వెయ్యి ప్యాకెట్లు ఇటు పంపాలి. నా దగ్గరున్న సర్వరు ఒక్కోదానికీ అందిందని జవాబిస్తుంది. లెక్క మొత్తం ఆయన తెర మీద పడుతుంది. కాసేపయ్యాక ఫోన్ చేశాను.

"ఏవండీ అన్నయ్యగారూ, పోయేయా?" అన్నాను.

"ఆయ్. అన్నీ పోయేయండి మేడం" అన్నారు.

పైగా ఆ గొంతులో సంతోషం. పనంతా తగలెట్టి ఇంకా ఈ హుషారొకటా అనుకున్నాను. సరేనని ఫోన్ పెట్టేసి, నేననుకున్నదే అయింది కదా అని రిపోర్టులో రాశాను: లైబ్రరీ లైనులో ప్యాకెట్లన్నీ పోయాయి, కేబుల్ పనికిరాదు. సంతకం పెట్టి మధ్యాహ్నానికల్లా పైకి పంపించేశాను.

మర్నాడు ఆయన ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చి నా బల్లమీద పెట్టారు. మా ఇంటావిడ తీసుకెళ్లమందండి అన్నారు నవ్వుతూ. ఉద్యోగం పోతుందని తెలిసి కాకా పడుతున్నారనుకున్నాను. పెట్టె విప్పలేదు. ఆయన అటు వెళ్లగానే అటెండరుకిచ్చి ఇంటికి పట్టుకుపొమ్మన్నాను. తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

జూన్‌లో కాలేజీ తెరిచిన రెండో రోజు ఆయన స్టాఫ్ రూముకొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఈ ఏడు రెన్యువల్ లేదన్నారండి అని చెప్పారు.

"కేబుల్ పనికిరాదని మీరు రాసేరటండి. అన్నీ పోయేయని ఆ రోజు మీకు చెప్పేను కదండీ?"

నాకు ఒళ్లు మండింది. గొంతు తగ్గింది. "మీరు చెప్పిందే రాసేనండి. పోయేయన్నారు, పోయేయని రాసేను."

ఆయన నా వంక అయోమయంగా చూశారు. "పోయేయంటే బాగున్నట్టే కదండీ మేడం. వెయ్యికి వెయ్యీ పోయేయి. వెయ్యి జవాబులూ తిరిగొచ్చేయి. ఒక్కటి తప్పలేదండి."

నేను అడిగింది దారిలో తప్పిపోయాయా అని. ఆయనకి వినబడింది వెళ్లాయా అని. బస్సు పోయిందంటే వెళ్లిందని, చెప్పులు పోయాయంటే దొరకలేదని పుట్టిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాను. ఒక్క మాటకి ఇన్ని అర్థాలున్నాయని నాకు ఒకరు చెప్పాలా? పాఠం చెప్పేటప్పుడు ప్యాకెట్ పోవడమంటే నష్టపోవడమని పిల్లలకి ఇరవై ఏళ్లుగా నేర్పీ నేర్పీ, నాకు ఆ ఒక్క అర్థమే మిగిలింది. ఆయన నా క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు.

వెంటనే లేచి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. సంతకం పెట్టి పంపేసేం కదండీ, ఇప్పుడెలాగండీ అన్నారాయన, పాపం ఇబ్బందిగా. నేను పొరపాటు పడ్డానని నేనే రాసిస్తానన్నాను. ఆయన కుర్చీలోంచి లేచేదాకా అక్కడే నిలబడ్డాను. ఇద్దరం తోటలోంచి లైబ్రరీకి నడిచాం. వాన పడి నేలంతా బురదగా ఉంది. ఆ బురద కింద ఎక్కడో కేబుల్ ఉంది. లైబ్రరీలో ఈసారి తెర ముందు నేనే కూర్చున్నాను. వెయ్యి పంపితే వెయ్యీ చేరాయి. మళ్లీ పంపాను, మళ్లీ వెయ్యి. మూడోసారీ అంతే. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సర్దుకుని అంకె దగ్గరగా చూసి, కేబుల్ నిక్షేపంలా ఉంది కదండీ అన్నారు. తప్పంతా పాత డబ్బాది.

మేనేజ్‌మెంటుకి ఉత్తరం రాశాను. ఫోన్‌లో విన్న మాటని తప్పుగా అర్థం చేసుకున్నానని, కేబుల్ బాగుందని, టెక్నీషియన్ లోపం ఏమీ లేదని. ఏజెన్సీ ఊసు ఆగిపోయింది. పది రోజులకి అన్నయ్యగారి ఆర్డరు వచ్చింది, ఎప్పట్లాగే ఏడాదికి. ఆ పది రోజులూ ఆయన రోజూ కాలేజీకొచ్చారు. పాట మాత్రం వినబడలేదు. నాకు అన్నం సయించలేదు.

ఆర్డరు వచ్చిన రోజు ఆయన లైబ్రరీలో పాత డబ్బా విప్పుతున్నారు. వెళ్లి పక్కన నిలబడ్డాను. క్షమాపణ అడగడం నాకు చేతకాదు, ఎలాగో అడిగాను. అడిగి ఊరుకోకుండా, ఆ దిక్కుమాలిన మాటుంది చూసేరూ, అదే కొంప ముంచింది, పోయేయంటే ఎవరికి ఎలా వినబడుతుందో ఎవరికి తెలుస్తుందండీ అన్నాను.

ఆయన స్క్రూ తియ్యడం ఆపారు.

"మాటదేం ఉందండీ మేడం. డబ్బాలని మూడేసి సార్లు చూసేరు. ఆ కంపెనీవాళ్లకి మళ్లీ మళ్లీ ఫోన్ చేసేరు. నన్ను రెండోసారి అడగలేదండి."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ ఏదో ఒకటి అనగలిగేదాన్ని.