టైరుకు అంటని పసుపు

"అక్కా, చాచా పోయిండు" అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను గిర్నిలో పసుపు ఆడిస్తున్నాను. గుండెనొప్పట. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయిందట. మిషను ఆపేశాను. గోడ అవతల సుత్తి చప్పుడు లేదు.

ఆర్మూర్‌లో మా గిర్నిని ఆనుకునే చాచా కార్ల చక్రాల దుకాణం. సాధుజీవి అని రాస్తే ఆయనే లేచొచ్చి తిడతాడు. కోపం వస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు. ఒకసారి పానా మా రేకు తలుపును చీల్చుకుని వచ్చి కారం డబ్బాలో పడింది. నేను కొట్లాటకు వెళితే, "రేకు పల్చగున్నది బేటీ, జర మందంది ఎయ్యి" అన్నాడు.

బండిని నేలకు దించి, చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా చేయించుకోవడం మా ఊరి కుర్రాళ్లకు పిచ్చి. చక్రం ఎంత లోపలికి ఉండాలి, ఎంత బయటికి రావాలి అన్న లెక్క ఆఫ్‌సెట్. బయటికి తెచ్చేందుకు చక్రం వెనక పెట్టే బిళ్ల స్పేసర్. స్పేసర్ వేశాక చాచా బండిని ఊరికే ఇచ్చేవాడు కాదు. మా గిర్నిలోంచి తడి పసుపు తీసుకెళ్లి మడ్‌గార్డు లోపలి అంచుకు పూసేవాడు. మా బస్తాలే వెనక సీట్లో వేసి, గుంతల్లో తిప్పుకొచ్చేవాడు. టైరుకు పసుపు అంటిందా, అంచుకు రాసుకుని దారిలో పగులుతుందన్నట్టే, బిళ్ల మార్చాల్సిందే. "ఖాళీ బండి అబద్ధమాడ్తది. బరువు పడ్డంకనే నిజం జెప్తది" అనేవాడు.

తమ్ముడు ఎక్కడినుంచో మందమైన స్పేసర్లు తెచ్చి తానే బిగించుకున్నాడు. తెల్లారితే వేల్పూర్‌లో స్నేహితుడి పెళ్లి, పెళ్లికొడుకు వీడి బండిలోనే. ఎవరూ అడగకుండానే చాచా పసుపు పూసి, బస్తాలు వేసి తిప్పుకొచ్చాడు. టైరు పచ్చగా వచ్చింది, అంచున రబ్బరు కోసుకుపోయింది.

"ఆ బిళ్లలు ఇప్పు" అన్నాడు చాచా.

"నా బండి, నా ఇష్టం. నువ్వెవనివి?" అని తమ్ముడు తాళం లాక్కున్నాడు.

చాచా లోపలికి వెళ్లి కత్తి తెచ్చాడు. మొదటి టైరును పొడిచాడు. తమ్ముడు పానాతో ఆయన నుదుటి మీద కొట్టాడు. రక్తం కంట్లోకి కారుతున్నా ఆయన రెండోది చీల్చాడు. నేను అరుస్తూ మధ్యలో పడితే నన్ను కూడా నెట్టేశాడు. నాలుగూ చీల్చాకే ఆగి, గ్రీజు గుడ్డ తలకు చుట్టుకున్నాడు.

"ఇగ కొట్టు బిడ్డా, ఎంత కొడ్తవో. బండి మాత్రం పోదు."

ఆ రోజు ఆయనను చంపాలన్నంత కోపం వచ్చింది నాకు. పెళ్లికొడుకు వేరే బండిలో వెళ్లాడు. తమ్ముడు చాలాకాలం ఆ దుకాణం వైపు చూడలేదు. ఆఖరికి ఒకరోజు తానే పల్చని బిళ్లలు పట్టుకెళ్లి నిలబడితే, చాచా నుదుటి మచ్చ రుద్దుకుంటూ, "బస్తాలు ఎక్కియ్యి" అన్నాడు. అంతే, క్షమాపణలు ఏమీ లేవు. నా తమ్ముడు ఈ రోజు బతికి ఉన్నాడంటే ఆ కత్తి వల్లనే అని నా నమ్మకం.

ఖబరస్తాన్‌కు చాచా చుట్టాలను తీసుకెళ్లడానికి తమ్ముడు బండి తెచ్చాడు. ముందు గిర్నిలోకి వచ్చి, పిడికెడు పసుపు తడిపి, వంగి మడ్‌గార్డు లోపల పూశాడు. బండి నిండా మనుషులు ఎక్కారు. తిరిగొచ్చి అందరూ దిగాక, వాడు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని వేలితో టైరును తుడిచి చూసుకున్నాడు.

వేలు నల్లగానే ఉంది. మూసిన దుకాణం వైపు తిరిగి, ఆ వేలిని పైకెత్తి చూపించాడు.