గాలికి తోవ తీసిన నా పెద్దకొడుకు

నా పెద్దకొడుకు చనిపోయాడు. విషజ్వరం వచ్చింది. దవాఖానలో పెట్టాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఒకనాడు పొద్దెక్కేసరికి వాడు లేడు. ఓరుగల్లులో మోటారు ఉన్న చాలామందికి వాడు తెలుసు. హన్మకొండ తోవలో మోటార్లు బాగుచేసే షెడ్డులో వాడు కనిపించక, మట్టెవాడలో మా ఇల్లు అడుక్కుంటూ ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పాలి. చెప్పీ చెప్పీ అలసిపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తెలియనివాళ్లు తెలుసుకుంటారు, తెలిసినవాళ్లు ఒకసారి తలుచుకుంటారు.

మాది మగ్గాల ఇల్లు. వాడూ మగ్గం గుంటలో కూర్చోవలసినవాడే. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు కట్టి నడిపారు కదా, ఆ బొగ్గు బస్సుల మీద పనికి కుదిరాడు. ఇంటికి వస్తే పళ్లు తప్ప తెల్లగా ఏమీ కనిపించేది కాదు. వాళ్ల నాయన అప్పటికి బతికే ఉన్నాడు. "తెల్ల ధోతులు నేసేటోని కడుపున ఈ బొగ్గెట్ల పుట్టిందే?" అని నన్ను ఎగతాళి చేసేవాడు. "కడిగితే పోతది నాయినా" అని వాడు నవ్వేవాడు. కడిగినా గోళ్ల సందుల్లోది పోయేది కాదు. ఆ గోళ్లతోనే పోయాడు.

అన్నం తింటూ తింటూ నమలడం ఆపేవాడు. నేను కూరలో రాయి తగిలిందేమో అనుకునేదాన్ని. రోడ్డు మీద పోయే బస్సు చప్పుడు వింటుండేవాడు. "ఒక వాల్వు సక్కగ మూస్కుంటలేదవ్వా" అని మళ్లీ ముద్ద కలుపుకునేవాడు. వాడితో ఉండి ఉండి నాకూ ఆ చప్పుళ్లు కొంచెం తెలిసివచ్చాయి. ఇప్పుడు బస్సు పోతే చెప్పడానికి ఎవరూ లేరు.

వాడి ఆఖరి పని ఒక కారు. ములుగు అడవిలో కలప కంట్రాక్టు చేసే ఆయనది. పెద్ద అమెరికా కారు, ఆరు సిలిండర్లది, పాతది. దాని పరుగు పెంచమని ఆయన మా వాడికి అప్పజెప్పాడు. ఇంజను నెత్తిన మూతలాగా ఒక ఇనుప దిమ్మ ఉంటుంది, దాన్ని హెడ్డు అంటారు. గాలీ పెట్రోలూ లోపలికి పోయే బొక్కలు, పొగ బయటికి వచ్చే బొక్కలు అందులోనే ఉంటాయి. పోత పోసిన ఇనుము కదా, బొక్కల లోపలంతా గడ్డలు, అంచులు. వాటిని ఆకురాయితో గీకి గాలికి తోవ తీయాలి. ఎక్కువ గీకరాదు. ఆ గోడ వెనకనే నీళ్లు తిరుగుతాయట. గోడకు చిల్లు పడితే హెడ్డు పనికిరాదు.

ఆ దిమ్మను ఇంకో మనిషి సాయంతో మోసుకొచ్చి నా మగ్గం పక్కనే దింపాడు. సన్న నూలు పోగులను కుచ్చుగా ముడివేసి నా చేతిలో పెట్టాడు.

"అవ్వా, నీ వేళ్లకు తెలిసినంత నా కండ్లకు తెల్వది. జర ఈ కుచ్చు బొక్కల తిప్పి సూడు. యాడ పోగు తట్టుకుంటదో చెప్పు."

"తిండి ఇడిసిపెట్టి ఇనుముకు తల దువ్వుతానవారా?"

"దీని పెండ్లికి నువ్వే పెద్దదిక్కు. కానియ్యి."

పోగు తట్టుకున్నచోటల్లా నేను చెప్పాను, వాడు గీకాడు. రోజుల తరబడి ఇంట్లో అదే చప్పుడు. నాకు నచ్చిందాకా, పోగు నీళ్ల మీద జారినట్టు జారిందాకా గీకించాను. తీరా బిగించి తిప్పితే, పొద్దున చల్లగా ఉన్న ఇంజను తుమ్మి తుమ్మి ఆగిపోయింది. పొగ పోయే బొక్క అద్దంలా ఉన్నా పర్వాలేదట. పెట్రోలు పోయే బొక్క అట్లా ఉండరాదట. మరీ నున్నగా ఉంటే పెట్రోలు గాలిలో కలవకుండా చుక్కలై గోడ మీద జారిపోతుందట. షెడ్డులో వాడి జోడీదారు, తురకల అబ్బాయి, కడుపు పట్టుకుని నవ్వాడట. "క్యా యార్, ఇంజన్‌కు ధోతి నేసినవా?" అని.

మా వాడు హెడ్డు మళ్లీ ఇంటికి తెచ్చి, ముతక సానగుడ్డతో ఆ బొక్కలను కొంచెం గరుకు చేశాడు. "మన నేసే సాలోల్ల పానం అవ్వా, గరుకు కనవడితే ఊకోదు" అన్నాడు. కోపం లేదు. పని రెండోసారి చేయవలసి వస్తే వాడికి ఎన్నడూ కోపం రాలేదు.

తరువాత కామ్ షాఫ్టు సంగతి. అది బొడిపెలున్న ఒక కడ్డీ. పందేల కార్లకు పెట్టేది ఒకటి కంట్రాక్టరు బొంబాయి నుంచి తెప్పించాడు. దాని బొడిపెలు కారులో ఉన్నదాని కంటే పెద్దవి. నాకు అర్థం కాలేదంటే వాడు మగ్గం చూపించి చెప్పాడు.

"నువ్వు కాలికింద పలక తొక్కితే పోగులు రెండు పాయలై, అడ్డపోగు తీస్కపోయే నాడెకు తోవ ఇస్తయి గదా. బొడిపె గూడ గంతే. వాల్వును లేపి గాలికి తోవ ఇస్తది. ఎంత లేపాలె, ఎంతసేపు పట్టి ఉంచాలె, గదే అసలు సంగతి."

బొంబాయిది పెట్టి, ఒక సాయంత్రం నన్ను కారులో కూర్చోబెట్టుకున్నాడు. నేను కారెక్కడం అదే మొదలు. కూరగాయల అంగడి దగ్గర జనం మధ్య మెల్లగా పోవలసి వచ్చింది. కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. రెండుసార్లు ఆగింది. గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు వదులుతారా?

"ఏందక్కా, కొడుకు కారెక్కిచ్చిండా, కారే నీ కొడుకునెక్కిందా?"

"దిగి నడువు వదినే, ముందుగాల ఇల్లు చేరుతవ్!"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. వాడు మాత్రం వాళ్లతోపాటు నవ్వాడు. ఊరు దాటి వర్ధన్నపేట తోవ పట్టాక అదే కారు గాలిలాగా పోయింది. నాకు ముందు రోడ్డు మీదికి చూడడానికి భయమైంది. వాడి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలుపుతూ అన్నాడు: "పాతదే పెడ్తనవ్వా. ఇది అంగట్ల తిరిగే బండి. ఆయన ఇంట్ల ముసలోల్లు, చంటిపిల్లల తల్లులు ఎక్కుతరు. హెడ్డుల గాలికి తోవ మంచిగున్నది, గా పాత కడ్డీతోటే బాగ గుంజుతది. ఉరుకుడు ఎవడైన ఉరికిస్తడు, మెల్లగ పోనిచ్చుడే పని."

"నీకు మస్తు సంబురమైందిగదరా?"

"అయింది. సంబురం నాదవ్వా, బండి నాది కాదు."

మరుసటిరోజు రేడియేటరు విప్పి బొంబాయి కడ్డీని బయటికి గుంజాడు. రెండు కడ్డీలనూ నూనెగుడ్డ మీద పక్కపక్కన పెట్టి ఇంటికొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. మళ్లీ షెడ్డుకు పోలేదు. జోడీదారు అప్పుడు ఆగిపోయిన బస్సు కోసం ములుగు వెళ్లి ఉన్నాడు. వాడు తిరిగి వచ్చేసరికి దవాఖానలో మా వాడికి మాట సరిగా లేదు.

దినాలు అయ్యాక ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు.

"అమ్మా, కంట్రాక్టర్ సాబ్ వచ్చిండు. బొంబాయిది పెట్టమంటాండు. పరుగుకేగదా ఇంత చేసిండ్రు అంటాండు. మీవోడు ఎందుకు ఇప్పిండో నాకు సమజైతలేదు. మీకేమన్న చెప్పిండా?"

నాకు లేవాలని లేదు. ఎవరి కారు ఎట్లా పోతే నాకేమిటి అనిపించింది. కానీ ఆ కారు ఊళ్లోకి వస్తే జనం దాన్ని మా వాడి పని అంటారు. అంగడిలో వణికి ఆగితే, వాడి చేతిదే అంటారు. కాదని చెప్పడానికి వాడు లేడు. వాడి మాట విన్నది నేనొక్కదాన్నే. చెప్పులు వేసుకుని వెంట నడిచాను.

కంట్రాక్టరు నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు. వాడు అన్నం దగ్గర అన్న మాటలు అన్నట్టే చెప్పాను.

"గంత దూరం నుంచి తెప్పిచ్చిన కడ్డీ పెద్దమ్మా, ఇంట్ల పెట్టుకొని పూజ చెయ్యాల్నా?" అన్నాడు ఆయన. "వర్ధన్నపేట తోవల మీవోడే ఎట్ల ఉరికిచ్చిండో అందరు చెప్తాండ్రు."

"ఉరికిచ్చిండు బిడ్డా. నేను పక్కనే ఉన్న. ఉరికిచ్చి సూసినంకనే వద్దన్నడు. రేపు నీకు నచ్చకుంటే నువ్వు మార్చుకో, బండి నీది. ఈ ఒక్కసారి మాత్రం వాడు పెడతనన్నదే పెట్టనియ్యి. ఇగ వాడు ఏదీ చెయ్యడు."

ఆయన బొంబాయి కడ్డీని తీసి పక్కకు పెట్టాడు. "కానియ్యి" అన్నాడు జోడీదారుతో. అంతే. ఆ పిల్లవాడు పాత కడ్డీ తీసుకుని, గుడ్డతో తుడుస్తూ, అటు తిరిగి ఏడ్చాడు.

పని పూర్తయిన రోజు నన్ను పిలిచారు. ఇంజను తిప్పగానే అందుకుంది. నేను చెవి పెట్టి విన్నాను. ఏ వాల్వూ నాకు తప్పుగా వినిపించలేదు. కంట్రాక్టరు ఎక్కి కూర్చుని, నాకు దండం పెట్టి బయలుదేరాడు.

షెడ్డు దాటిన కొద్ది దూరంలోనే ఒక పత్తి బండి రోడ్డెక్కింది. పత్తి నింపిన బోరాల మీద ఒక మనిషి ముఖం మీద తువ్వాల కప్పుకుని నిద్రపోతున్నాడు. ఎడ్లు వాటి ఇష్టం వచ్చినట్టు నడుస్తున్నాయి. కంట్రాక్టరు హారను కొట్టలేదు. కారు వణకకుండా, ఆగకుండా, ఎడ్లు ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా ఆ బండి వెనకనే పోయింది. మలుపు తిరిగేదాకా చూశాను. బోరాల మీది మనిషి లేవలేదు.