మంగళవారం ఎర్రనీళ్లు

జానెడమ్మ అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో! ఇరవై ఏళ్లుగా ప్లంబింగు పని చేస్తోంది. అందరూ కొళాయి బిగించి, చేతులు కడుక్కుని వెళ్లిపోతారు. ఈవిడ మాత్రం బొటనవేలూ చిటికెనవేలూ బార్లా చాపి, కొళాయి మూతికీ కింద తొట్టి అంచుకీ మధ్య జానెడు ఖాళీ ఉందో లేదో కొలుస్తుంది. బెత్తెడు తగ్గినా విప్పి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ పేరు అలా వచ్చింది.

"అంత ఎత్తునుంచి పడితే నీళ్లు చిందుతాయి కదమ్మా!" అని ఎవరైనా సణిగితే వెంటనే అందుకునేది.

"చిందితే తుడుచుకోండి. గొట్టంలో నీళ్లున్నంతసేపే కొళాయి మీకు పోస్తుంది. వీధిలో నీళ్లు ఆగిపోయాయనుకోండి, మూతి ఎందులో మునిగి ఉంటే అది జుర్రుకుంటుంది. మళ్లీ నీళ్లొచ్చాక ఆ జుర్రుకున్నదే మీ గ్లాసులో పోస్తుంది. బట్టల సబ్బునీళ్లు తాగుతారా?"

ఎవరూ తాగుతామనలేదు. అలాగని ఎవరూ నమ్మనూ లేదు. చాదస్తం అనుకున్నారు. పని బాగా చేస్తుంది కాబట్టి భరించారు.

అలాంటి మనిషి మీదే నింద పడింది. ఆవిడే గొట్టాలన్నీ వేసిన నాలుగంతస్తుల ఇంట్లో, మొదటి అంతస్తు టైలరమ్మ కూతురికి వాంతులు పట్టుకున్నాయి. ఆరేళ్ల పిల్ల. సరిగ్గా వారానికి మళ్లీ అదే వరస, ఈసారి నోరంతా పొక్కిపోయింది. రెండు రోజులు ఆసుపత్రిలో పెట్టారు. నీళ్లలోనే ఏదో ఉందన్నాడు డాక్టరు. టైలరమ్మ మెట్ల మీద నిలబడి, నలుగురూ వినేలా అరిచింది.

"నా బిడ్డ నోట్లో విషం పోసింది నీ గొట్టాలే! నా గడప తొక్కావంటే ఊరుకోను!"

ఆ ఇంటి సంఘం ప్రెసిడెంటుగారు మెత్తని మనిషే. అయినా, "మంగళవారంలోగా కారణం చూపించండి. లేకపోతే వేరేవాళ్లని పిలవక తప్పదు" అనేశారు. పని పోతే ఇంకోటి దొరుకుతుంది. కానీ పసిపిల్ల వాంతులకి కారణం తనే అన్న మాట మోస్తూ ఇంకో ఇంట్లో కొళాయి ఎలా బిగించడం? జానెడమ్మకి అన్నం సయించలేదు.

మీటరు చూసింది. అతుకులన్నీ విప్పి చూసింది. నీళ్లు ముత్యాల్లా ఉన్నాయి. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సోమవారం పొద్దున టీకొట్టు దగ్గర నీళ్ల ఆఫీసు మనిషి కనిపిస్తే, ఊరికే పలకరించింది.

"ఏం పలకరింపులే అమ్మా! నెల్నించీ మంగళవారం వస్తే నడుం విరుగుతోంది. పదింటికి పెద్ద గొట్టం కట్టేసి, మొత్తం ఖాళీ చేసి కడుగుతున్నాం కదా!"

జానెడమ్మ టీగ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది. పిల్లకి మొదట జబ్బు చేసింది మంగళవారం. రెండోసారీ మంగళవారమే! వీధి మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. నీళ్ల ఆఫీసు మనిషి భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇంకేముంది, పరుగే పరుగు! నాలుగో అంతస్తునుంచి ఒక్కో తలుపూ దబదబా బాదింది. కొళాయికి తొడిగిన గొట్టం ఎవరింట్లో ఎందులో మునిగి ఉంది? మూడో అంతస్తులో తడిగుడ్డ బకెట్టులో ఒకటి దొరికితే పీకి పారేసింది. రెండో అంతస్తు శుభ్రం. మొదటి అంతస్తు గడప తొక్కే వీల్లేదు కాబట్టి దాటుకుని కిందికి దిగింది. కింద ఉన్నది సొంత బావ అద్దకం కొట్టు.

మూలన పెద్ద తొట్టి. అందులో రంగు పట్టి నిలవడానికి వేసే మందునీళ్లు. చూడ్డానికి తాగేనీళ్లకీ వాటికీ తేడా లేదు, ముక్కు దగ్గర పెడితే తప్ప వాసనా తెలియదు. అందులో నల్లగొట్టం మూతి నిలువునా మునిగి ఉంది.

"దొరికింది!" అని ఎగిరి గంతేసింది. ఆ ఊపులోనే గొట్టం పట్టుకుని పైకి లాగింది. కొళాయి దగ్గర రాగితీగ మూడు చుట్లు చుట్టి, కొసలు గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. ఊళ్లో అలా మడిచేది ఒక్కరే.

నాలుగేళ్ల కిందట సంగతి. నీళ్లు చింది తెల్లబట్టల మీద మచ్చలు పడుతున్నాయని బావ గోల పెడితే, మూరెడు గొట్టం తెచ్చి తనే తొడిగింది. ఇంట్లోవాళ్లే కదా, ఏమవుతుందిలే అనుకుంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. తడినేల మీదే చతికిలబడింది.

బావ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడూ ఆటపట్టించే మనిషి, ఆ పూట నవ్వలేదు.

"గొట్టం నేనే తొడిగానని చెబుతాను, మరదలా. నాకు పోయేదేముంది? నాలుగు తిట్లు తింటాను. నువ్వు ఒప్పుకుంటే ఇక నిన్నెవడూ గుమ్మంలోకి రానివ్వడు."

"ముందు ఆ తొట్టి ఖాళీ చెయ్యి, బావా" అంది. కానీ బావ అన్న మాట తియ్యగానే ఉంది, మనసు అటే లాగింది.

మర్నాడు పదింటికి ఇల్లంతా దిగివచ్చింది. తొట్టిని నాలుగుసార్లు కడిగి, మంచినీళ్లు నింపి, మిఠాయిల్లో వేసే ఎర్రరంగు కలిపారు. గొట్టం అందులో ముంచి, కొళాయి కొద్దిగా విప్పి ఉంచారు. "పైన ఎవరూ కొళాయి తిప్పకండి!" అని జానెడమ్మ కేక పెట్టింది. వీధిలో నీళ్లు ఆగాయి. గొట్టం గుర్రుమంది. అందరూ చూస్తుండగా తొట్టిలో ఎర్రనీళ్లు దిగడం మొదలైంది. అంగుళం, రెండంగుళాలు, బెత్తెడు!

"అయ్యబాబోయ్, తాగేస్తోంది!" అన్నారు ప్రెసిడెంటుగారు, పెద్దరికం మరిచిపోయి.

పదిన్నరకి నీళ్లు వదిలారు. అందరూ కొట్టుకి సరిగ్గా పైనున్న టైలరమ్మ వంటింటికి ఎగబాకారు. జానెడమ్మ గడప బయటే ఆగిపోయింది. లోపల ప్రెసిడెంటుగారు కొళాయి తిప్పారు. అది దగ్గింది, ఉమ్మింది, ఊపిరి పీల్చింది. ఆ తరవాత తెల్లటి గిన్నెలో ఎర్రగా జలజలా దూకింది!

"వచ్చింది! ఎర్రగా వచ్చింది!" జానెడమ్మ వసారాలో చిన్నపిల్లలా గెంతింది. గుండె ఆగుతుందేమో అన్నంత సంతోషం. తన గొట్టాలు కుళ్లలేదు, తన అతుకులు కారలేదు, తండ్రి నేర్పిన జానెడు లెక్క చాదస్తం కాదు!

"అయితే ఆ తొట్టిలో గొట్టం పెట్టిందెవరు?" ప్రెసిడెంటుగారు అడిగారు.

బావ నోరు తెరిచాడు. గిన్నె పట్టుకున్న టైలరమ్మ వెనక ఆ పిల్ల నిలబడి ఉంది. పెదవుల మీద పొక్కులు ఇంకా పూర్తిగా మానలేదు. జానెడమ్మ గెంతడం ఆపేసింది.

"నేను" అంది. "ఊరందరికీ వద్దని చెప్పి, మావాళ్లకి నేనే తొడిగాను. తప్పు నాదే, అమ్మా. మా బావది కాదు."

టైలరమ్మ గిన్నెను కిందపెట్టి తలుపు వేసేసింది.

ఆ మధ్యాహ్నమే జానెడమ్మ గొట్టం కోసి పారేసింది. తొట్టి మీద కొళాయిని పైకెత్తి బిగించింది. కొట్టు గొట్టంలో, నీళ్లు ముందుకే తప్ప వెనక్కి పోనివ్వని వాల్వు వేసింది. కొళాయిలన్నీ గంటసేపు వదిలించి, నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపింది. మూడోరోజున కాగితం వచ్చింది, నీళ్లు తాగడానికి పనికొస్తాయని. దాన్ని టైలరమ్మ గడప మీద పెట్టి మెట్లు దిగబోయింది.

తలుపు తెరుచుకుంది. టైలరమ్మ కాగితం తీసి చదివింది. లోపలికెళ్లి, కొళాయి తిప్పి, గ్లాసు నింపుకొచ్చి చాపింది.

"ముందు నువ్వు తాగు."

జానెడమ్మ అక్కడే నిలబడి ఆఖరి చుక్కదాకా తాగింది. టైలరమ్మ ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లి, అదే కొళాయి కింద మళ్లీ నింపి, కూతురికి ఇచ్చింది.